ఈ వయసులో విండోస్ మార్చాలా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి కొన్ని నెలలుగా వస్తున్న ఉత్తరాల్లో చాలావరకు ఒకే సందేహం కనిపిస్తున్నది. విండోస్ 10కి ఉచితంగా ఇచ్చే భద్రతా సవరణలను మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో ఆపేసింది. అప్పటి నుంచి తెర మీద వస్తున్న హెచ్చరికను చూసి కొందరు కంగారు పడి దుకాణాలకు పరుగెత్తుతున్నారు, కొందరు చదవకుండానే మూసేస్తున్నారు. ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఉత్తరాలకే కేటాయించాం.

ప్రశ్న: 2016లో మా అబ్బాయి కొనిచ్చిన డెస్క్‌టాప్ మీద విండోస్ 10 ఉన్నది. పానగల్లు గుడుల గురించి, మా చుట్టుపక్కల ఊళ్ల పేర్ల గురించి ఏళ్ల తరబడి రాసుకున్నదంతా, సుమారు తొమ్మిది వందల పేజీలు, ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లలో దాంట్లోనే ఉన్నది. పింఛను ఖాతా కూడా అందులోనే చూసుకుంటాను. విండోస్ 11కు ఈ కంప్యూటరు పనికిరాదని తెర మీద వస్తున్నది. గడియారం సెంటరు వైపు ఒక దుకాణంలో అడిగితే ఐదు వందలకు ఎక్కించి ఇస్తామన్నారు. అమెరికాలో ఉన్న మా అబ్బాయి కొత్తది కొనమంటాడు. మా ఇంటావిడేమో ‘ఈ వయసులో మళ్లీ కొత్తగా నేర్చుకునేదేమిటి, ఉన్నదాంతో నడిపించండి’ అంటున్నది. నాకు 72 ఏళ్లు. ఏం చేయమంటారు? (విశ్రాంత తెలుగు పండితులు, నల్లగొండ)

జవాబు: పండితుల వారికి నమస్కారం. అమ్మగారు అన్న మాటకు ముందు జవాబు చెబుతాను. అను కీబోర్డులో ఏ మీట నొక్కితే ఏ వత్తు పడుతుందో నేర్చుకుని తొమ్మిది వందల పేజీలు కొట్టిన చేతులకు విండోస్ 11 ఏమంత పరీక్ష కాదు. అందులో మీకు మొదట తికమక కలిగించేవి రెండు. ఒకటి, స్టార్ట్ బటన్ ఎడమ మూల నుంచి తెర మధ్యకు జరిగింది. సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, అందులో టాస్క్‌బార్, దాని అడుగున టాస్క్‌బార్ బిహేవియర్స్ తెరిచి అలైన్‌మెంట్‌ను లెఫ్ట్ చేస్తే అది మళ్లీ పాత చోటికే వస్తుంది. రెండోది, ఫైలు మీద కుడి మీట నొక్కినప్పుడు వచ్చే పట్టీ కురచగా ఉంటుంది. దాని చివర ‘షో మోర్ ఆప్షన్స్’ నొక్కితే మీకు అలవాటైన పట్టీ తెరుచుకుంటుంది. కంటిచూపు ఇబ్బంది పెడుతుంటే యాక్సెసిబిలిటీలో టెక్స్ట్ సైజు అనే చోట అక్షరాలను 225 శాతం దాకా పెంచుకోవచ్చు. నాకు తెలిసిన పెద్దవాళ్లలో చాలామంది కొత్త విండోస్‌కు వారం పది రోజుల్లోనే అలవాటు పడ్డారు. కాబట్టి మీ వయసును ఈ లెక్కలోకి రానీయకండి. చూడవలసింది కంప్యూటరు వయసు, దాని మీద నడుస్తున్న విండోస్‌కు మిగిలిన గడువు.

ఆ గడువు అంటే ఏమిటో చాలామందికి ఎవరూ చెప్పలేదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, 2009లో వచ్చిన విండోస్ 7కు 2020 జనవరి 14న మద్దతు ముగిసింది. 2015 జూలై 29న వచ్చిన విండోస్ 10కి ఇప్పుడు ఆ వంతు వచ్చింది. గడువు తీరిన మర్నాడు కంప్యూటరు ఎప్పటిలాగే మొదలవుతుంది, రాత అలాగే సాగుతుంది, ప్రింటరు అలాగే పనిచేస్తుంది. అందుకే ‘ఏమీ కాలేదు కదా’ అనిపిస్తుంది. ఆగిపోయేది ఒక్కటే: విండోస్‌లో కొత్తగా బయటపడే కన్నాలను ప్రతి నెలా పూడ్చే పని. 2017లో వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా కంప్యూటర్లకు తాళాలు వేసి డబ్బు అడిగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. బ్రిటన్‌లో ఆసుపత్రులు వచ్చిన రోగులను వెనక్కి పంపవలసి వచ్చింది. ఆ వైరస్ దూరిన కన్నానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే మందు విడుదల చేసింది, వైరస్ వ్యాపించింది మే 12న. దాదాపు రెండు నెలల వ్యవధి ఉండి కూడా ఆ మందు వేయించుకోని కంప్యూటర్లే దాని బారిన పడ్డాయి. గడువు తీరిన విండోస్‌కు మామూలుగా ఆ మందే అందదు. పింఛను ఖాతా తెరిచే కంప్యూటరును ఆ స్థితిలో వదిలేయడం నాకు సమ్మతం కాదు.

ఇక ఐదు వందల రూపాయల సంగతి. విండోస్ 11కు ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో తరందో ఆ తర్వాతిదో ఉండాలి, టీపీఎమ్ 2.0 ఉండాలి, సెక్యూర్ బూట్ ఉండాలి. టీపీఎమ్ అంటే రహస్య సంకేతాలను విడిగా భద్రపరిచే చిన్న ఏర్పాటు, సెక్యూర్ బూట్ అంటే కంప్యూటరు మొదలయ్యేటప్పుడు నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే ఏర్పాటు. ఎనిమిదో తరం ప్రాసెసర్లు మార్కెట్లోకి వచ్చిందే 2017లో, కాబట్టి మీ 2016 నాటి కంప్యూటరు ఆ గీతకు అవతలే ఉండిపోయింది. దుకాణం వాళ్లు చేసేది ఈ తనిఖీని తప్పించి విండోస్‌ను లోపలికి తోయడం. అది ఎక్కుతుంది, నడుస్తుంది కూడా. అయితే అర్హత లేని కంప్యూటర్లకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ స్పష్టంగా చెప్పింది. భద్రత కోసం మొదలుపెట్టిన పని భద్రతకు హామీ లేని చోట ముగియడమంటే నాకు అర్థం లేని ఖర్చుగా కనిపిస్తున్నది. ఆటల కోసం వాడే కంప్యూటరైతే మీ ఇష్టం అనేవాణ్ణి, తొమ్మిది వందల పేజీలున్న కంప్యూటరు విషయంలో మాత్రం వద్దనే అంటాను.

మీకు మరొక దారి ఉన్నది. విండోస్ 10 వాడే ఇళ్లకు 2026 అక్టోబర్ 13 దాకా భద్రతా సవరణలను కొనసాగిస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. విండోస్ మీటతో పాటు ఆర్ నొక్కి విన్‌వర్ (winver) అని ఇంగ్లీషులో కొట్టి ఎంటర్ నొక్కితే మీది ఏ వెర్షనో కనిపిస్తుంది. అది 22హెచ్2 (22H2) అయి ఉండాలి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లోపలికి వెళ్లి, సెట్టింగ్స్‌లో అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ తెరిస్తే ‘ఎన్‌రోల్ నౌ’ అనే లంకె ఉంటుంది. సెట్టింగుల నకలును మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాచుకోవడానికి ఒప్పుకుంటే ఇది ఉచితం. ఒప్పుకోకపోతే 30 డాలర్లు గానీ, 1000 రివార్డ్ పాయింట్లు గానీ ఇవ్వాలి. దీంతో మీకు ఆలోచించుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. ఆ వ్యవధిని ఏం చేయాలన్నదే అసలు విషయం.

సూర్యాపేటలో మా చిన్నమ్మ ఇంట్లో జరిగింది చెబుతాను. చిన్నాయన పోయిన తర్వాత ఆయన ఫోటోలు, మనవరాలితో మాట్లాడిన వీడియోలు కంప్యూటరులో ఉండేవి. అది హ్యాంగ్ అవుతున్నదని ఒక దుకాణం అబ్బాయిని పిలిస్తే, ‘సీ డ్రైవ్ ఒక్కటే ఫార్మాట్ కొడతాను, డీ డ్రైవ్‌లో ఉన్నదేదీ పోదు’ అన్నాడు. డెస్క్‌టాప్ మీద కళ్లెదుట కనిపిస్తున్న ఫోటోలు సీ డ్రైవ్‌లోనే ఉంటాయని చిన్నమ్మకు తెలియదు, ఆ అబ్బాయి అడగలేదు. ఇరవై నిమిషాల తర్వాత తెర మీద నీలం రంగు తప్ప ఏమీ లేదు. తర్వాత నేను రెండు రాత్రులు కూర్చుని పోయినవాటిని వెనక్కి రప్పించే సాఫ్ట్‌వేర్‌తో వెతికితే నలభై దాకా ఫోటోలు దొరికాయి. వాటిలో సగం ఫోటోలకు పైభాగమే ఉన్నది, కింద బూడిద రంగు పట్టీ. ఒక ఫోటోలో చిన్నాయన తలపాగా, నుదురు మాత్రం మిగిలాయి. చిన్నమ్మ దాన్ని కూడా ప్రింటు తీయించమన్నది.

అందుకని, ఎవరైనా మీ సీపీయూ మీద చేయి వేయకముందే మీ రాతప్రతిని రెండు చోట్ల నకలు తీయండి. ఒకటి బయటి హార్డ్‌డిస్క్‌లో, ఇంకొకటి మీ అబ్బాయికి పంపి ఆయన దగ్గర. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లు మూడింటినీ విడిగా చూసి నకలు చేయండి. ఫైళ్లతో పాటు అను ఫాంట్లను కూడా నకలు చేసుకోవాలి, దీన్ని చాలామంది మరిచిపోతారు. అను వంటి పాత ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలను కూర్చోబెట్టినవి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో మీ ఫైలు తెరిస్తే పానగల్లు అన్న చోట నెత్తిన చుక్కలు, గీతలు ఉన్న వింత గుర్తుల వరుస కనిపిస్తుంది. మీ తర్వాతి తరంలో ఎవరైనా ఆ ఫైలు తెరిచి పాడైపోయిందనుకుని తీసిపారేసే ప్రమాదం ఉన్నది. విండోస్ ముసలిదైపోవడం కంటే నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది ఇదే.

కాబట్టి దొరికిన వ్యవధిలో రోజుకు నాలుగైదు పేజీల చొప్పున మీ రాతను యూనికోడ్‌లోకి, అంటే ప్రత్యేక ఫాంటు లేకపోయినా ఏ కంప్యూటరులోనైనా తెలుగుగానే కనిపించే పద్ధతిలోకి, మార్చుకోండి. అను నుంచి యూనికోడ్‌కు మార్చే సాధనాలు ఉన్నాయి, కానీ అవి వత్తుల దగ్గర, అరుదైన సంయుక్తాక్షరాల దగ్గర తప్పులు చేస్తాయి. ఊళ్ల పేర్ల మీద పుస్తకం కనుక ఒక్క వత్తు మారినా ఊరే మారిపోతుంది, ఆ దిద్దుబాటు మీరు తప్ప మరొకరు చేయలేరు. అది పూర్తయ్యాక 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ (పాత హార్డ్‌డిస్క్ కంటే వేగంగా పనిచేసే డిస్కు) ఉన్న కొత్త కంప్యూటరు తీసుకోండి. మీ అబ్బాయి చెప్పింది సరైనదే, తొందర మాత్రం అక్కర్లేదు. పాతదానికి ఇంటర్నెట్ తీసేసి, అను ఫైళ్లు తెరిచి పోల్చుకోవడానికి పక్కన ఉంచుకోండి.

ప్రశ్న: మాది చిన్న డీటీపీ సెంటరు. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, బడి సంచికలు చేస్తాను. విండోస్ 7 మీద పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7.0, అను ఫాంట్లు పెట్టుకుని పదిహేనేళ్లుగా నడిపిస్తున్నాను. ఇప్పుడు బ్రౌజర్ పాతదైందని చాలా సైట్లు తెరుచుకోవడం లేదు. గిరాకీలు ఫైళ్లన్నీ వాట్సాప్‌లోనే పంపుతున్నారు. మారితే నా పని ఆగిపోతుందని భయం, మారకపోతే గిరాకీ పోతుందని భయం. (డీటీపీ ఆపరేటర్, 47 ఏళ్లు, మహబూబ్‌నగర్)

జవాబు: మీ రెండు భయాలూ న్యాయమైనవే. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో, ఆ తర్వాత అడోబీ కొత్త పేజ్‌మేకర్ తేలేదు. అయినా పాలమూరులో, నల్లగొండలో పెళ్లి పత్రికల పని ఇంకా దాని మీదే సాగుతున్నదంటే, చేతివాటం కుదిరిన పనిముట్టును ఎవరూ తేలికగా వదలరు మరి. క్రోమ్ బ్రౌజర్ 2023 ఆరంభంలోనే విండోస్ 7కు కొత్త వెర్షన్లు ఇవ్వడం మానేసింది, మీకు సైట్లు తెరుచుకోకపోవడానికి ముఖ్య కారణం అదే. సమస్యంతా ఒకే కంప్యూటరు రెండు పనులు చేయవలసి రావడంలో ఉన్నది. వాటిని విడదీయండి.

గిరాకీలు పంపిన ఫైళ్లు అందుకోవడానికి, బ్యాంకు, ఈమెయిలు పనులకు విండోస్ 11 ఉన్న మామూలు కంప్యూటరు ఒకటి పెట్టండి. సెకండ్ హ్యాండ్‌ది తీసుకున్నా సరే, ఇంటెల్ ప్రాసెసర్ ఎనిమిదో తరానికి తక్కువ కాకుండా చూసుకోండి. పాత కంప్యూటరుకు నెట్ వైరు పీకేయండి. పత్రిక కూర్పు దాని మీదే చేసి, పూర్తయిన పేజీని పీడీఎఫ్ చేసి కొత్తదాని మీదకు తెచ్చుకోండి. బయటి పెన్‌డ్రైవ్‌ను ఏదైనా ముందు కొత్త కంప్యూటరులో పెట్టి వైరస్ తనిఖీ చేసి, కావలసిన ఫైలును మీ సొంత పెన్‌డ్రైవ్‌లోకి మార్చుకున్న తర్వాతే పాతదానికి ఇవ్వండి. పెళ్లిళ్ల సీజనులో ఈ ఒక్క అలవాటు మీ దుకాణాన్ని కాపాడుతుంది.

పేజ్‌మేకర్, అను రెండింటినీ నేరుగా విండోస్ 11 మీద వేస్తే నడుస్తాయా అని చాలామంది అడుగుతారు. విండోస్ 11 కేవలం 64 బిట్లదే వస్తుంది. 32 బిట్ల ప్రోగ్రాములను అది నడపగలదు, అంతకన్నా పాతవైన 16 బిట్ల వాటిని నడపలేదు. పాత సీడీల్లో ప్రోగ్రాము బాగానే ఉన్నా దాన్ని ఎక్కించే సెటప్ ఫైలు 16 బిట్లదైతే అక్కడే ఆగిపోతుంది. కాపీ రక్షణకు ఇచ్చిన డాంగిల్‌కు, అంటే కంప్యూటరుకు తగిలించే తాళంలాంటి చిన్న పరికరానికి, కొత్త విండోస్‌లో డ్రైవర్ (దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్) దొరకకపోవచ్చు. మీ పాత లేజర్ ప్రింటరుకు 64 బిట్ల డ్రైవర్ ఉన్నదో లేదో కూడా ముందే చూసుకోవాలి. ఇవన్నీ తేలకుండా ఉన్న ఒక్క కంప్యూటరునూ మార్చి, లగ్నపత్రిక రేపు పొద్దున కావాలన్న గిరాకీని ఎదుట కూర్చోబెట్టుకోవడం నరకం. వర్చువల్‌బాక్స్ వంటి సాఫ్ట్‌వేర్‌తో కొత్త కంప్యూటరు లోపలే పాత విండోస్ 7ను ఒక గదిలా నడిపించుకునే వీలు కూడా ఉన్నది, ర్యామ్ 8 జీబీకి తగ్గకుండా ఉంటే హాయిగా నడుస్తుంది. పాత యంత్రం చెడిపోయే రోజు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది కనుక, అది నడుస్తుండగానే ఈ ఏర్పాటును ఒకసారి చేసి పరీక్షించి పెట్టుకోండి. బడి సంచికల వంటి తొందర లేని పనులను యూనికోడ్‌లో మొదలుపెడితే చేయి కూడా మెల్లగా మారుతుంది. మీకు 47 ఏళ్లే, ఇంకా ఇరవై ఏళ్లు ఈ పని చేయగలరు. ఆ ఇరవై ఏళ్లు పేజ్‌మేకర్ మీతో రాదు.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 ఉంది. కొత్త వెర్షన్ వచ్చిందని రోజూ చూపిస్తోంది. నా స్నేహితురాలు ఇంకా విడుదల కాని వెర్షన్ కూడా వేసుకుంది. వచ్చే వారం సెమిస్టర్ పరీక్షలు. ఇప్పుడే వేసుకోనా? (డిగ్రీ విద్యార్థిని, 19 ఏళ్లు, వనపర్తి)

జవాబు: వద్దమ్మా, పరీక్షలు అయ్యాక వేసుకో. విండోస్‌లో రెండు రకాల మార్పులు వస్తాయి. ప్రతి నెలా రెండో మంగళవారం విడుదలయ్యేవి భద్రతా సవరణలు, మనకు అవి చేరేసరికి మంగళవారం రాత్రో బుధవారమో అవుతుంది. వాటిని వాయిదా వేయకు. ఏడాదికోసారి వచ్చేది కొత్త వెర్షన్, దానికి కొన్ని వారాలు ఆగినా నష్టం లేదు. మామూలు కంప్యూటర్లకు ఒక్కో వెర్షన్ మీద 24 నెలల మద్దతు ఉంటుంది. నీ స్నేహితురాలు వేసుకున్నది పరీక్ష కోసం బయటకు వదిలే ముందస్తు వెర్షన్. తప్పులు పట్టి చెప్పే ఆసక్తి ఉన్నవాళ్ల కోసం దాన్ని విడుదల చేస్తారు, చదువుకునే ఒక్క ల్యాప్‌టాప్‌లో పెట్టుకునేది కాదు.

ఇంకొక మాట. కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కు మొత్తం సంకేత భాషలో బంధించి ఉంటుంది. ఏదైనా పెద్ద మార్పు తర్వాత అది 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. నీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి ఆ అంకెలను ఈ రోజే నోటుబుక్కులో రాసిపెట్టుకో. ఆ ఖాతా పాస్‌వర్డు ల్యాప్‌టాప్ అమ్మిన దుకాణం వాళ్లు పెట్టిందే అయితే, ముందు దాన్ని మార్చుకో.

ప్రశ్న: ధాన్యం కమీషన్ దుకాణంలో ముప్పై ఏళ్లుగా లెక్కలు రాస్తున్నాను. ట్యాలీ, జీఎస్‌టీ, డిజిటల్ సంతకం అన్నీ నా చేతి మీదే. కంప్యూటరు విండోస్ 11కు అర్హమేనని చూపిస్తున్నది. మా సేటు మాత్రం మారిస్తే నీకు రాదు, కొత్త పిల్లవాణ్ణి పెడదాం అంటున్నాడు. (గుమస్తా, 58 ఏళ్లు, మిర్యాలగూడ)

జవాబు: చేతిరాత పద్దుల నుంచి ట్యాలీకి, ట్యాలీ నుంచి జీఎస్‌టీకి మారినప్పుడు దుకాణాన్ని నడిపించింది మీరే కదా. ఆ మాట మీ సేటు గారికి గుర్తుచేయండి. విండోస్ 10 నుంచి 11కు మారినంత మాత్రాన ట్యాలీలో మీరు నొక్కే మీటలు ఏవీ మారవు. జాగ్రత్త పడవలసింది తేదీ విషయంలో. నెలలో 11న జీఎస్‌టీఆర్-1, 20న జీఎస్‌టీఆర్-3బీ రిటర్నుల గడువులు ఉంటాయి కాబట్టి 20 దాటిన తర్వాత ఒక ఆదివారం ఎంచుకోండి. మార్చి నెలాఖరు, కోతల కాలం అసలే వద్దు. ముందు రోజు ట్యాలీ డేటా ఫోల్డరును పెన్‌డ్రైవ్‌లోకి తీసి, ఆ నకలును ఇంకొక కంప్యూటరులో తెరిచి నిల్వలు సరిపోతున్నాయో చూసుకోండి. తెరిచి చూడని నకలును నమ్మకండి. డిజిటల్ సంతకం టోకెన్‌కు కొత్త డ్రైవర్ ముందే దించి పెట్టుకోండి. నాలుగైదు జీబీల డౌన్‌లోడ్ ఉంటుంది. మధ్యలో కరెంటు పోతే సిస్టం తిప్పలు పెడుతుంది కనుక యూపీఎస్ బ్యాటరీ బాగున్నదో లేదో చూసుకున్నాకే మొదలుపెట్టండి. మారిన తర్వాత ఏదైనా పనిచేయకపోతే పది రోజుల లోపు సెట్టింగ్స్‌లో రికవరీ దగ్గర ‘గో బ్యాక్’ నొక్కి విండోస్ 10కి తిరిగి వెళ్లవచ్చు. ఆ పది రోజుల్లో ఒక రిటర్ను వేసి చూడగలిగేలా, ఒక సంతకం పెట్టి చూడగలిగేలా లెక్క వేసుకోండి. డిస్కులో జాగా కోసం ఎవరైనా పాత విండోస్ ఫోల్డరును తీసేస్తే తిరిగి వెళ్లే దారి మూసుకుపోతుంది.

ప్రశ్న: మా బడికి దాతలు ఇచ్చిన ల్యాప్‌టాప్‌లు నాలుగు ఉన్నాయి. 2012, 2013 నాటివి, ర్యామ్ 4 జీబీ. విండోస్ 11 రాదు, విండోస్ 10 నత్తనడక. వీటిని మూలన పడేయడమేనా? (ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడు, అచ్చంపేట)

జవాబు: పడేయకండి మాష్టారూ. అవి ఇంకా చాలా ఏళ్లు పిల్లలకు ఉపయోగపడతాయి. హార్డ్‌డిస్క్ స్థానంలో ఎస్‌ఎస్‌డీ వేయించి, విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్‌లో, పాత యంత్రాలకు తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకాన్ని ఎక్కించండి. దానికి 2 జీబీ ర్యామ్ ఉంటే చాలు, 4 ఉంటే సుఖం. మింట్ 22 వరుసకు 2029 దాకా భద్రతా సవరణలు వస్తాయి. డబ్బు కట్టేది లేదు, లైసెన్సు గొడవ లేదు. దుకాణాల్లో క్రాక్ చేసి ఇచ్చే విండోస్‌తో పాటు వచ్చే వైరస్‌ల బెడదా ఉండదు. నిజానికి జిల్లాల్లో ఆ క్రాక్ చేసిన విండోస్ వల్లే సగం కంప్యూటర్లు మందగిస్తున్నాయని నా నమ్మకం. ఎక్కించే ముందు పెన్‌డ్రైవ్ నుంచే మింట్‌ను నడిపి వైఫై, శబ్దం, కెమెరా పనిచేస్తున్నాయో చూసుకోవచ్చు, లోపలున్న విండోస్ దానివల్ల చెక్కుచెదరదు. లిబ్రేఆఫీస్, ఫైర్‌ఫాక్స్ దాంతో పాటే వస్తాయి, తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఒక సెట్టింగుతో వస్తుంది. కేరళ ప్రభుత్వ బడుల్లో ఏళ్లుగా పిల్లలు లినక్స్ మీదే కంప్యూటరు నేర్చుకుంటున్నారు. మన దగ్గర స్వేచ్ఛ వంటి సంస్థలు తెలుగులో ఈ పని చేస్తున్నాయి. ఒక్కటే జాగ్రత్త: బడి ప్రింటరు మరీ పాత లేజర్‌ది అయితే లినక్స్‌లో మొండికేయవచ్చు, ముందు దాన్ని కలిపి చూడండి. మొదట ఒక్క ల్యాప్‌టాప్‌కు చేసి పదో తరగతి పిల్లల చేతికి ఇవ్వండి. మిగతా మూడింటికీ వాళ్లే ఎక్కిస్తారు.

ప్రశ్న: ‘మీ విండోస్ గడువు అయిపోయింది, మైక్రోసాఫ్ట్ నుంచి మాట్లాడుతున్నాం, ఎనీడెస్క్ వేసుకుంటే మేమే అప్‌గ్రేడ్ చేస్తాం’ అని ఫోను వచ్చింది. దూరం నుంచి మన కంప్యూటరును నడిపించే ఆ ఎనీడెస్క్ వేసుకుని, అది చూపించిన నంబరు చెప్పాను, తర్వాత అనుమానం వచ్చి కట్ చేశాను. (కిరాణా వ్యాపారి, దేవరకొండ)

జవాబు: మైక్రోసాఫ్ట్ తనంతట తానుగా ఎవరికీ ఫోను చేయదు. వెంటనే ఆ కంప్యూటరుకు ఇంటర్నెట్ తీసేసి, ఎనీడెస్క్‌ను తొలగించండి. వేరే ఫోను నుంచి బ్యాంకు, ఈమెయిలు పాస్‌వర్డులు మార్చండి. ఖాతాలో ఒక్క రూపాయి కదిలినా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు మధ్యలోనే ఆగే అవకాశం అంత ఎక్కువ. నంబరు చెప్పానని సిగ్గుపడి ఇంట్లో దాచకండి.

ప్రశ్న: మనవడు నా కంప్యూటరులో పాత విండోస్ తీసి కొత్తది వేస్తానంటున్నాడు. కొత్తదాంట్లో తెలుగు పోతుందని పక్కింటావిడ అన్నది. నేను రోజూ నా చిన్ననాటి సంగతులు ఒక పేజీ తెలుగులో రాసుకుంటాను. నాకు 81 ఏళ్లు. వేయనీయమంటారా? (కల్వకుర్తి)

జవాబు: వేయనీయండి అమ్మమ్మా. ముందు మీరు రాసిన పేజీలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి తీసి మీ పెట్టెలో పెట్టుకుని, ఆ తర్వాత కంప్యూటరును మనవడి చేతికి ఇవ్వండి. తెలుగు ఎక్కడికీ పోదు. 2019 మే నాటి విండోస్ 10 మార్పుల నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు విండోస్‌లోనే ఉన్నది, 11లోనూ ఉన్నది. సెట్టింగ్స్‌లో లాంగ్వేజ్ దగ్గర తెలుగును చేర్చి, దాని కీబోర్డుల్లో ఫొనెటిక్ ఎంచుకోమని మీ మనవడికి చెప్పండి. విండోస్ మీట పట్టుకుని స్పేస్ బార్ నొక్కితే ఇంగ్లీషు నుంచి తెలుగుకు మారుతుంది. ఇంగ్లీషు అక్షరాలతో పలికినట్టు కొడుతూ పోతే తెలుగు పడుతుంది. అబ్బాయి పని అయిందని చెప్పగానే ఆయన లేవకముందే మీ ఊరి పేరు కొట్టి చూడండి. చివరి అక్షరంలో తకారం వత్తు సరిగ్గా రకారం కింద పడిందంటే కీబోర్డు కుదిరినట్టే. పెన్‌డ్రైవ్‌ను మాత్రం ఆ రోజే ఆయనకు తిరిగి ఇవ్వకండి, పాత పేజీలన్నీ కొత్త విండోస్‌లో ఒక్కొక్కటిగా తెరిచి చదువుకునేదాకా మీ దగ్గరే ఉంచుకోండి.